గుడ్డ అతికించిన పుస్తకాలు

మొన్న కార్తీక మాసంలో మా కుట్టు టీచరుగారు కాలం చేశారు. పెద్దకర్మ రోజున నరసాపురంలో వారింటికి వెళ్ళాను. భోజనాలయ్యాక వారి కోడలు నన్ను లోపలి గదిలోకి తీసుకువెళ్ళి, గోడబీరువా తలుపులు తెరిచి, "అత్తయ్యగారి పుస్తకాలండీ ఇవి. పాతకాగితాలవాడికి వేయడానికి మనసొప్పడం లేదు. ఏది ఎవరికి పనికొస్తుందో మీరే చూసి చెప్పాలండీ" అన్నారు. తలుపు తెరవగానే ముందు కలరా ఉండల వాసన, ఆ వెనక ఎండిపోయిన బంక వాసన వచ్చాయి. అడుగు అరలోని ట్రేసింగు కాగితాల చుట్ట విప్పితే, ఇన్నేళ్ళ తరువాత కూడా, కిరోసిన్ వాసన సన్నగా తగిలింది. ఆ వాసనతోపాటే గర్ల్స్ హైస్కూలు కుట్టు గది మొత్తం కళ్ళ ముందుకు వచ్చింది.

బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా మేనకోడలు అంతకు కొద్దిరోజుల ముందే ఫోను చేసి, "అత్తా, కుట్టు నేర్చుకోవడానికి మంచి పుస్తకాలేవి? నేను చేసేదంతా ఎప్పటికప్పుడు రాసుకుని, బొమ్మలు వేసుకుని, గుడ్డముక్కలు అతికించుకునే పుస్తకం ఒకటి పెట్టుకోవాలని ఉంది. అది ఎలా పెట్టుకోవాలో చెప్పేవి ఏమైనా ఉన్నాయా?" అని అడిగింది. అప్పటికి తోచిన రెండు మూడు పేర్లు చెప్పి ఊరుకున్నాను. ఆ బీరువా ముందు కింద కూర్చుని ఒక్కొక్క పుస్తకమే దించుతున్నప్పుడు, ఆ పిల్లకు చెప్పవలసినది చాలా ఉందనిపించింది. కుట్టుపని గురించి అచ్చయిన పుస్తకాలు, మనుషులు తమ చేత్తో గుడ్డ అతికించి రాసుకున్న పుస్తకాలు ఒకదాని పక్కన మరొకటి ఉండవలసినవి. టీచరుగారి బీరువాలో అవి అలాగే ఉన్నాయి. ఆవిడ మాకు నేర్పినదీ అదే.

ముందు ఆ కిరోసిన్ సంగతి చెప్పాలి. ఇప్పుడు డిజైను గుడ్డ మీదికి దింపడానికి ఉతికితే పోయే పెన్నులు, ఇస్త్రీ పెట్టెతో అంటించే కాగితాలు దొరుకుతున్నాయి. మా రోజుల్లో ట్రేసింగు కాగితం మీద పెన్సిలుతో డిజైను గీసి, దాన్ని నాలుగు మడతల దుప్పటి మీద పరిచి, గీత పొడవునా సూదితో దగ్గర దగ్గరగా పొడిచేవాళ్ళం. గదిలో పాతికమంది ఆడపిల్లలు ఒకేసారి పొడుస్తుంటే సన్నటి చిటపట చప్పుడు ఎడతెగకుండా వినిపించేది. తరువాత ఆ కాగితాన్ని గుడ్డ మీద గుండుసూదులతో బిగించి, బట్టలకు పెట్టే నీలం పొడిని కిరోసిన్‌లో కలిపి, గుడ్డ ఉండను అందులో అద్ది గట్టిగా పిండి, కాగితం మీద గుండ్రంగా రుద్దాలి. ఉండలో తడి ఎక్కువైతే నీలం మరకలు కడుతుంది, తక్కువైతే చుక్కలు దిగవు. సరిగ్గా రుద్దితే కాగితం ఎత్తేసరికి గుడ్డ మీద నీలపు చుక్కల తీగ ఒకటి పరుచుకుని ఉంటుంది. కిరోసిన్ కాసేపటికే ఎగిరిపోయి నీలం మాత్రం మిగులుతుంది. ముదురు రంగు గుడ్డలకు నీలం బదులు జింక్ పొడి వాడేవాళ్ళం. ఒకసారి పొడిచిన కాగితం ఎన్నిసార్లయినా పనికివస్తుంది కనుక, ఊళ్ళో దిండుగలీబుల మీద, రేడియో కవర్ల మీద, గుమ్మం తెరల మీద ఒకే చిలకల జంట ఇంటింటికీ తిరుగుతూ ఉండేది.

ఆ కుట్టు గదిలో కాలితో తొక్కే మిషన్లు గోడ వెంట వరుసగా ఉండేవి. కుట్టు పీరియడు మొదలయ్యిందంటే వరండా చివరి వరకు ఆ చప్పుడు వినిపించేది. టీచరుగారు మాత్రం మొదటి సంవత్సరం పిల్లలను మిషను దగ్గరికి రానిచ్చేవారు కాదు. ముందు చేతికుట్టు రావాలి, దానికంటే ముందు రికార్డు రాయడం రావాలి. రికార్డు అంటే గోధుమరంగు దళసరి కాగితాల పెద్ద పుస్తకం. ఎడమ పేజీలో కుట్టు వేసే విధానం బొమ్మగా గీయాలి, కుడి పేజీలో ఆ కుట్టు వేసిన మచ్చు గుడ్డను బిగించాలి, కింద దాని వివరం రాయాలి. ప్రభుత్వ పరీక్షల శాఖ నిర్వహించే టెక్నికల్ సర్టిఫికెట్ పరీక్షల్లో డ్రాయింగు, చేనేతలతోపాటు కుట్టుపని, ఎంబ్రాయిడరీ కూడా ఉన్నాయి. లోయర్ గ్రేడు, హయ్యర్ గ్రేడు అని రెండు అంచెలు. ఆ పరీక్షలకు వెళ్ళే పెద్దపిల్లలు రికార్డులను పట్టుచీరల కంటే జాగ్రత్తగా గుడ్డలో చుట్టి తెచ్చుకునేవారు.

టీచరుగారి సొంత రికార్డు బీరువా నడిమి అరలో దొరికింది. అందులో రఫు కుట్టు, అంటే చిరుగును దారంతో నేసి పూడ్చే కుట్టు, ఉన్న పేజీని నేను చాలాసేపు చూశాను. అరచేయి వెడల్పు తెల్లటి మల్లు గుడ్డ మధ్యలో నలుచదరంగా ఒక చిరుగు కత్తిరించి ఉంది. దాని మీద నిలువు పోగులు ఎర్రదారంతో, అడ్డపోగులు నీలిదారంతో వేసి నేత నేసినట్టు అల్లారు. రఫు అసలు కనబడకుండా ఉండాలి గనుక గుడ్డ రంగు దారమే వాడతారు. నేర్చుకునేవాళ్ళకు పోగు మీద పోగు ఎలా ఎక్కి దిగుతుందో తెలియడం కోసం రికార్డులో మాత్రం రెండు రంగులు వాడాలి. ప్రతి వరుస చివర దారాన్ని బిగించకుండా చిన్న ఉంగరంలాగ వదిలి ఉంది. కింద పచ్చసిరాతో, గ్రాంథికానికి దగ్గరగా ఉండే ఆవిడ భాషలో ఇలా ఉంది: "వరుస తిరుగు చోట దారమును లాగి బిగించరాదు. ఉతికిన పిమ్మట కొత్త దారము కుంచించుకొనును. ఆ మేరకు ఉంగరములు వదలవలెను." ఆ మాట కింద మరో సిరాతో, చాలా ఏళ్ళ తరువాత రాసినట్టుగా, "ఉతికి చూచితిని. ఉంగరములు సరిపోయినవి" అని ఉంది. అదే చోట ఉతికిన మచ్చు ఒకటి, ఉతకనిది ఒకటి పక్కపక్కన కుట్టి ఉన్నాయి. ఉతికిన దానిలో ఉంగరాలు లోపలికి పోయి అంచు చదునుగా కూర్చుంది.

ఏ అచ్చు పుస్తకంలోనూ ఆ పేజీ లేదు. ఉంగరాలు వదలాలన్న సూచన చాలా పుస్తకాల్లో ఉంటుంది. ఉతికాక అవి ఏమవుతాయో చూపించేది గుడ్డ ఉన్న పుస్తకమే.

మా ఇంట్లో అమ్మది మరొక రకం పుస్తకం. మాది లేసు ప్రాంతం. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు తెచ్చిన క్రోషె అల్లిక (కొక్కెపు సూదితో దారాన్ని అల్లే పని) నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళలో ఇంటింటి పనిగా స్థిరపడింది. మధ్యాహ్నం వంటింటి పని తీరిన తరువాత వీధి అరుగుల మీద ఆడవాళ్ళు గోడకు చేరగిలబడి కూర్చుని, ఎడమచేతి చూపుడువేలికి దారం చుట్టుకుని, చూపు సూది మీద లేకుండానే అల్లుకుంటూ పోయేవారు. ఒకరు పువ్వులు అల్లితే, వేరొకరు వాటిని కలిపి అతుకుపని చేసేవారు. పూర్తయిన మేజాగుడ్డను ఎవరు చివరిసారి ముట్టుకున్నారో వాళ్ళకు తప్ప, దానిలో ఒక పువ్వు అల్లిన మనిషికి ఆ మేజాగుడ్డ మొత్తంగా ఎలా ఉంటుందో తెలియకపోవడం మామూలు. దారం ఇచ్చి సరుకు తీసుకుపోయే ఏజెంటు వారానికొకసారి సైకిలు మీద వచ్చేవాడు. కొత్త డిజైను కావలసి వస్తే అల్లిన ముక్క ఒకటి ఇచ్చి, "ఇలాంటివి" అని చెప్పి పోయేవాడు. కాగితం మీద డిజైను ఎవరి దగ్గరా ఉండేది కాదు.

అందుకే అమ్మ తన కోసం ఒక పుస్తకం పెట్టుకుంది. నాన్నగారు వాడగా మిగిలిన పొడుగాటి లెడ్జరు అది. ముందు సగం ముగ్గులు: పదిహేను చుక్కలు ఎనిమిది వరకు, సందు చుక్క, ఇరవైయొక్క చుక్కలు సరి చుక్క, ప్రతి ముగ్గు పక్కన అది ఏ పండుగకు పెట్టిందో. వెనక సగంలో లేసు. ఏజెంటు తెచ్చిన మచ్చు ముక్కను తిరిగి ఇవ్వవలసి వచ్చేది గనుక, ఇచ్చేలోపు దాన్ని చూసి మరొకటి అల్లుకుని ఆ పేజీలో నాలుగు మూలలా కుట్టి బిగించేది. కింద ఎన్ని గొలుసులతో మొదలుపెట్టాలో, ఏ వరుసలో ఎన్ని పెంచాలో రాసుకునేది. మధ్య మధ్య పచ్చళ్ళ కొలతలు, మంగళహారతులు, మా పుట్టినరోజుల తిథులు ఉండేవి. ఇప్పుడు బజారులో ఇలాంటి పుస్తకాలు పెట్టుకోవడం గురించి ఎన్నో పుస్తకాలు వస్తున్నాయి. రంగురంగుల టేపులు, బొమ్మలు, అచ్చులు వాడి పేజీలను అలంకరించడం వాటిలో ఎక్కువగా ఉంటుంది. చూడటానికి బాగుంటాయి, వాటిలో తప్పేమీ లేదు. అయినా మా మేనకోడలికి నేను ముందుగా చూపించదలచుకున్నది అమ్మ లెడ్జరు.

జర్మనీ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ మా ప్రాంతం వచ్చి ఈ ఆడవాళ్ళతో మాట్లాడి రాసిన 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' 1982లో వెలువడింది. లేసు అల్లే స్త్రీలను పనివాళ్ళుగా కాక, ఖాళీ సమయంలో ఏదో చేసుకునే గృహిణులుగా లెక్కవేయడం వల్లనే వాళ్ళకు అంత తక్కువ కూలి ముట్టిందని, ఎగుమతి లాభం వ్యాపారులకు పోయిందని ఆవిడ అందులో చూపించారు. నేను ఉద్యోగంలో చేరాక ఎప్పుడో అది చదివి, అమ్మకు కొన్ని పేజీలు తెలుగులో చెప్పాను. "మన అరుగుల మీది సంగతి అంత దూరం వెళ్ళి పుస్తకమైందా!" అని అమ్మ ఆశ్చర్యపోయింది. కుట్లు అల్లికల మీద పుస్తకాలు చదవాలనుకునే ఎవరైనా, విధానాలు నేర్పే పది పుస్తకాల మధ్య ఇలాంటి పుస్తకం ఒకటి తప్పక చదవాలని నా అభిప్రాయం. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు నాకు మొదట గుర్తుకువచ్చింది ఆ పుస్తకంలోని ఆడవాళ్ళే.

వారపత్రికల పేజీలు కూడా మాకు పుస్తకాలే. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ గారి ప్రమదావనం శీర్షిక కోసం ఎదురుచూడని ఇల్లు మా వీధిలో లేదు. ఏ పత్రికలో కుట్టు డిజైను వచ్చినా ఆ కాగితం కత్తెర పాలయ్యేది. పత్రిక ముందుగా చేరిన ఇంటి వాళ్ళు కత్తిరించుకుంటే మిగతావాళ్ళు వాళ్ళ దగ్గర ట్రేసు చేసుకోవాలి. సోవియట్ భూమి పత్రిక నున్నటి కాగితాలు మాత్రం అట్టలకే పోయేవి. మా రికార్డులన్నింటికీ మాస్కో మంచు, ట్రాక్టర్లు, నవ్వుతున్న పిల్లలు అట్టలుగా ఉండేవారు.

టీచరుగారి పై అరలో అచ్చు పుస్తకాలున్నాయి. వాటిలో బాగా నలిగినది మేరీ థామస్ రాసిన 'డిక్షనరీ ఆఫ్ ఎంబ్రాయిడరీ స్టిచెస్'. ఇంగ్లండులో 1934లో మొదటిసారి వచ్చిన పుస్తకం. నిఘంటువులో మాటల్లాగే అందులో కుట్లు అక్షరక్రమంలో ఉంటాయి. ప్రతి కుట్టుకూ సూది ఎక్కడ దిగి ఎక్కడ తేలాలో చూపే గీతబొమ్మ ఉంటుంది. ఫోటోల కంటే ఆ గీతబొమ్మలే కుట్టేవాళ్ళకు సాయపడతాయని టీచరుగారి నమ్మకం, ఇన్నేళ్ళ అనుభవంతో నాదీ అదే. ఫోటో పూర్తయిన కుట్టును చూపిస్తుంది, గీతబొమ్మ కుట్టు మధ్యలో ఉన్న చేతిని చూపిస్తుంది. మాకు ఇంగ్లీషు అంతంత మాత్రమే అయినా ఆ పుస్తకంతో ఇబ్బంది కలగలేదు. టీచరుగారు పేజీ అంచుల్లో కాడకుట్టు, గొలుసుకుట్టు, ముడికుట్టు, కాజాకుట్టు అని పెన్సిలుతో రాసి ఉంచారు. తెలుగులో పేరు లేని కుట్టు దగ్గర, అది తాను ఎవరి జాకెట్టు మీద, ఏ ఊళ్ళో చూశారో రాసుకున్నారు.

దాని పక్కన తెరేజ్ ద దిల్మోం 'ఎన్‌సైక్లోపీడియా ఆఫ్ నీడిల్‌వర్క్' ఉంది. ఆస్ట్రియాలో పుట్టిన ఆ మహిళ డీఎంసీ దారాల కంపెనీతో కలిసి పనిచేసి 1886లో తెచ్చిన పుస్తకం అది. మామూలు చేతికుట్టు, రఫు మొదలుకొని క్రోషె, అల్లిక, వలపని, ముడుల పని వరకు అన్నీ ఒకేచోట దొరుకుతాయి. ఇప్పుడు దానికి హక్కుల గొడవ లేదు గనుక ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. డబ్బు పెట్టకుండా మొదలుపెట్టాలనుకునే వాళ్ళకు నేను చెప్పే మొదటి పుస్తకం ఇదే. భాష పాతది, ఓపిక పట్టాలి. క్రోషె నేర్చుకునేవాళ్ళకు మాత్రం ఒక జాగ్రత్త: బ్రిటిష్ పుస్తకాల్లో ట్రెబుల్ అనే అల్లికను అమెరికా పుస్తకాల్లో డబుల్ క్రోషె అంటారు. పుస్తకం ఎక్కడ అచ్చయిందో ముందు చూసుకోకపోతే పని సగానికి వచ్చాక కొలత తప్పుతుంది.

హయ్యర్ గ్రేడు ప్యాసయ్యాక నేనూ కుట్టు టీచరునయ్యాను. ఉద్యోగం కృష్ణా జిల్లాలో. అక్కడి నుంచి పెడన, మచిలీపట్నం దగ్గర. పిల్లలను ఏటా పెడన తీసుకువెళ్ళి కలంకారీ అద్దకం చూపించడం నాకు అలవాటైంది. షెడ్డులోకి అడుగుపెట్టగానే కరక్కాయ వగరు వాసన ముక్కుకు తగులుతుంది. పొడవాటి బల్ల వెంట అద్దకపువారు టేకు అచ్చును రంగుగిన్నెలో అద్ది, గుడ్డ మీద ఆనించి, పిడికిలితో ఒక్క దెబ్బ కొట్టి, అడుగు పక్కకు జరిగి మళ్ళీ కొడతారు. ఆ దెబ్బల వరుస తాళం తప్పకుండా సాగుతుంది. కరక్కాయలో నానిన గుడ్డ లేత పసుపుగా ఉంటుంది. తుప్పు ఇనుము, బెల్లం పులియబెట్టిన నీరు దానికి తగిలిన చోట నలుపు తేలుతుంది. పటిక అద్దిన చోట మొదట ఏమీ కనిపించదు. కాలువ నీటిలో జాడించి, ఎరుపునిచ్చే వేరు నీటిలో ఉడికించాక మాత్రమే అక్కడ ఎరుపు విచ్చుకుంటుంది. ఈ మార్పును పిల్లలు నోటితో విని నమ్మేవారు కాదు. ఒక పెద్దాయన మా కోసం ఒకే గుడ్డ నుంచి నాలుగు దశల ముక్కలు కత్తిరించి ఇచ్చారు, వాటిని బడి రికార్డులో అతికించాను. ఆ తరువాత వచ్చిన ప్రతి తరగతికీ ఆ నాలుగు ముక్కలే పాఠం చెప్పాయి.

అదే పని దాదాపు మూడు శతాబ్దాల కిందట ఒక ఫ్రెంచి నౌకాదళ అధికారి చేశాడని చాలా తరువాత చదివాను. బోల్యూ అనే ఆయన 1734 ప్రాంతంలో పుదుచ్చేరిలో అద్దకపువాళ్ళ దగ్గర కూర్చుని, గుడ్డకు రంగు వేసే పని మొదటి నుంచి చివరి దాకా రాసుకుని, ఒక్కొక్క దశ ముగియగానే ఆ గుడ్డ నుంచి ముక్క కత్తిరించి ఆ రాతల్లో చేర్చాడు. అలా పదకొండు ముక్కలు. అవి ఇప్పటికీ పారిస్‌లోని ప్రకృతిశాస్త్ర మ్యూజియంలో ఉన్నాయి. తెలుగు బాగా నేర్చిన జెస్యూట్ ఫాదర్ కేర్దూ కూడా 1742లో ఈ అద్దకం గురించి వివరంగా ఉత్తరం రాశాడు. మన సామర్లకోటలో తోట పెంచిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ చిరివేరు మొక్కను, దానితో ఎర్రరంగు వేసే తీరును రాశాడు. ఈ ముగ్గురి రాతలను ఒకచోట చదవాలంటే జాన్ ఇర్విన్, కేథరిన్ బ్రెట్ కలిసి రాసిన 'ఆరిజిన్స్ ఆఫ్ చింట్జ్' (1970) చూడాలి. దొరకడం కష్టం, ధర ఎక్కువ. పెద్ద గ్రంథాలయాల్లో వెతకాలి. లోతిక వరదరాజన్ 'సౌత్ ఇండియన్ ట్రెడిషన్స్ ఆఫ్ కలంకారీ' (1982) మన అద్దకపువారి దగ్గరికి వచ్చి రాసిన పుస్తకం గనుక, రెండింటిలో ఒకటే దొరికేటట్టయితే దాన్నే ముందు చదవమంటాను.

గుడ్డ అతికించిన పుస్తకాలన్నీ ప్రేమతో పుట్టినవి కావు. 1866లో బ్రిటిష్ అధికారి జాన్ ఫోర్బ్స్ వాట్సన్ భారతదేశపు వస్త్రాల మచ్చులతో పద్ధెనిమిది సంపుటాలు తయారుచేశాడు. ఒక్కొక్క సెట్టులో ఏడు వందల మచ్చులు, అలాంటివి ఇరవై సెట్లు. ప్రతి ముక్క పక్కన అది ఏ ఊరిది, పొడవు వెడల్పులెంత, బరువెంత, ధరెంత అని ఉంటుంది. మన జనం ఏం కట్టుకుంటారో చూసి అటువంటి బట్టే తమ మిల్లుల్లో తయారుచేసి మనకు అమ్ముకోవడానికి బ్రిటిష్ మిల్లుదారులకు ఇచ్చిన పుస్తకాలవి. ఇరవైలో పదమూడు సెట్లు బ్రిటనులో, ఏడు భారతదేశంలో ఉంచారు. నేతగాళ్ళ పొట్ట కొట్టడానికి చేసిన పని అది. ఆ కత్తెర కింద పడిన చీరలు, రుమాళ్ళు తలచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది. అయినా ఆనాటి నేత చేతికి ఎలా తగిలేదో తెలుసుకోవడానికి నేడు మన నేతగాళ్ళకూ అవే దిక్కయ్యాయి. వాట్సన్ పద్ధతిలో ఒకటి మాత్రం నేను పిల్లలకు నేర్పాను: మచ్చు పక్కన ఊరు, కొలత, బరువు, ధర రాయకుండా వదలకూడదు. ధర రాసుకోవడం మనవాళ్ళకు చిన్నతనం అనిపిస్తుంది. పది సంవత్సరాల తరువాత అదే అన్నిటికంటే ఉపయోగపడుతుంది.

సొంతానికి పెట్టుకున్న పుస్తకాల్లో బార్బరా జాన్సన్ ఆల్బం నాకు చాలా ఇష్టం. ఒక మతగురువు కూతురైన ఆ ఇంగ్లీషు మహిళ 1746లో చిన్నపిల్లగా మొదలుపెట్టి 1823 దాకా, తాను కుట్టించుకున్న ప్రతి గౌను గుడ్డ ముక్కనూ పాత లెక్కల పుస్తకంలో గుచ్చి, ఎన్ని గజాలు, గజం ఎంత అని పక్కన రాసుకుంది. అసలు పుస్తకం లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. 1987లో దాన్ని అచ్చు వేశారు. దాని బొమ్మలు మొదటిసారి చూసినప్పుడు, నాన్నగారి లెడ్జరులో అమ్మ కుట్టుకున్న లేసు ముక్కలు తప్ప నాకు మరేమీ గుర్తుకు రాలేదు. కేట్ స్ట్రాస్డిన్ 2023లో రాసిన 'ది డ్రెస్ డైరీ ఆఫ్ మిసెస్ ఆన్ సైక్స్' కూడా ఇలాంటిదే. లేసు అల్లేవాళ్ళ బృందంలో పరిచయమైన ఒక వృద్ధురాలు ఆవిడకు పాత గుడ్డల ఆల్బం ఒకటి ఇవ్వగా, అందులోని వేలాది చిన్న ముక్కల ఆధారంగా 19వ శతాబ్దపు స్త్రీ జీవితాన్ని ఆవిడ విప్పి చెప్పారు. గుడ్డముక్క పక్కన ఒక పేరు, ఒక సందర్భం రాసి ఉంటే చాలు, నూట యాభై ఏళ్ళ తరువాత కూడా చదవగలిగినవాళ్ళు ఉంటారని ఆ పుస్తకం చదివినవాళ్ళకు అర్థమవుతుంది. మా మేనకోడలు అడిగిన రెండో ప్రశ్నకు ఈ రెండు పుస్తకాలే నా జవాబు.

మన దేశపు పనితనం మొత్తం మీద ఒక చూపు కావాలంటే జస్లీన్ ధమీజా నేషనల్ బుక్ ట్రస్టుకు రాసిన 'ఇండియన్ ఫోక్ ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్' (1970) చిన్నది, చవకైనది. కమలాదేవి చటోపాధ్యాయ 'హాండీక్రాఫ్ట్స్ ఆఫ్ ఇండియా' పెద్దది. ఆవిడ ఊరూరా తిరిగి పనివాళ్ళతో మాట్లాడిన మనిషి కాబట్టి ఆ వాక్యాలకు బరువుంటుంది. చీరలకు ఋతా కపూర్ చిష్తీ 'సారీస్: ట్రెడిషన్ అండ్ బియాండ్' చాలు. అందులో కట్టే తీరులు బొమ్మలతో ఉన్నాయి. మీనా మీనన్, ఉజ్రమ్మ రాసిన 'ఎ ఫ్రేయ్డ్ హిస్టరీ' (2017) కుట్టు నేర్పదు, పత్తి గింజ నుంచి నేత వరకు మనకు జరిగిన నష్టాన్ని చెబుతుంది. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి ఏకే ఆడవాళ్ళను చూసి వచ్చిన తరువాత దాన్ని చదివాను. దారం ఎక్కడిదో తెలియకుండా సూది పట్టుకోవడం అప్పటి నుంచి నాకు సరిపడలేదు.

పుస్తకాల పంపకం ఆ సాయంత్రమే తేలిపోయింది. మేరీ థామస్ మా మేనకోడలికి. అంచుల్లో టీచరుగారి పెన్సిలు రాతలున్న పుస్తకం ఆ పిల్లకు ఇంకెక్కడ దొరుకుతుంది! రికార్డులు ఇంట్లోనే ఉంచమని, నేను వచ్చి ప్రతి పేజీకి ఫోటో తీస్తానని కోడలికి చెప్పాను. ఆవిడకు అది నచ్చింది. "నాకు మిషను కుట్టు తప్ప ఇవేమీ రావండీ. ఈ గొలుసుకుట్టు పేజీ చూసి చేయొచ్చా?" అని అడిగారు. చేయొచ్చని, గొలుసుకుట్టే మొదలుపెట్టవలసినదని చెప్పాను.

మేనకోడలికి ఉత్తరంగా రాసిన జాగ్రత్తలు కొన్ని ఇక్కడ కూడా రాస్తున్నాను. మచ్చులను మైదా బంకతో అతికించకూడదు, వెండిపురుగులు పడతాయి. బంక ఆరాక గుడ్డ బిరుసెక్కి వెనకవైపు కనపడకుండా పోతుంది. పై అంచును మాత్రం నాలుగైదు పెద్ద కుట్లతో కాగితానికి బిగిస్తే, కింద నుంచి ఎత్తి కుట్టు వెనక చూసుకోవచ్చు. దారం ఎలా మొదలైంది, ఎక్కడ ముడి పడింది, ఒక పువ్వు నుంచి మరో పువ్వుకు ఎలా దాటింది అన్నదంతా వెనకవైపే ఉంటుంది. గుడ్డలు చేరే కొద్దీ పుస్తకం ఉబ్బుతుంది కాబట్టి, ముందుగానే ప్రతి రెండు కాగితాలకు ఒకటి చొప్పున వెన్ను దగ్గర కత్తిరించి తీసేసి చోటు చేసుకోవాలి. మచ్చు రెండు చేసి ఒకటి ఉతకాలి. గుడ్డ పేరు, దారం నంబరు, సూది నంబరు, ధర, ఊరు రాయాలి. రంగుల టేపులు ఇష్టమైతే వాడుకోవచ్చు. వాటికి చోటు మచ్చుల తరువాతే.

సంక్రాంతి సెలవులకు ఆ పిల్ల వస్తున్నది. పెడనలో తెలిసిన అద్దకపువారితో మాట్లాడాను. ఒకే గుడ్డ మీద పని మొదలుపెట్టి, ఉతుకు నుంచి చివరి ఉడుకు వరకు ఒక్కొక్క దశ దాటగానే తనకు ఒక్కొక్క ముక్క కత్తిరించి ఇవ్వడానికి వాళ్ళు ఒప్పుకున్నారు. కరక్కాయ గుడ్డ ఆరడానికి ఎండ కావాలి గనుక కనుమ వెళ్ళాక రమ్మన్నారు. బజారులో పొడుగాటి లెడ్జరు ఒకటి కొని, వెన్ను దగ్గర కాగితాలు కత్తిరించి సిద్ధంగా ఉంచాను.